క్యాసెట్టు కొనాలా, డౌన్‌లోడ్ చాలా: ఒడిశా సరిహద్దు ఊళ్ళలో పాటల లెక్క

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్ళలో తెలుగు ఇళ్ళలో వినిపించే పాటలు రెండు రకాలు. మొదటిది సినిమా పాట. హైదరాబాదులో విడుదలైన రోజునే ఇక్కడి ఫోన్లలోకీ వచ్చేస్తుంది, రాష్ట్రం మారినా దానికేమీ అడ్డం కాదు. రెండోది ఈ ప్రాంతపు పాట: తూర్పు భాగవతం, జముకుల కథ, బుర్రకథ, థింసా పాటలు, భజన బృందాలు సొంత డబ్బుతో వేయించుకున్న క్యాసెట్లు, విశాఖపట్నం, జయపురం ఆకాశవాణి కేంద్రాల నుంచి ఎవరో ఇంట్లో టేపురికార్డరు పెట్టి పట్టుకున్న కార్యక్రమాలు, గంజాం పల్లెల్లో తెల్లవార్లూ ఆడే ప్రహ్లాద నాటకంలోని ఘట్టాలు. ఈ రెండో రకంలో చాలా భాగం ఏ యాప్‌లోనూ లేదు. అందుకే డబ్బు దేనిమీద పెట్టాలన్న ప్రశ్నకు ఈ జిల్లాల్లో వచ్చే జవాబు పెద్ద నగరాల్లో వచ్చే జవాబులా ఉండదు.

యాప్‌లో లేకపోవడానికి కారణాలు చాలా మామూలివి. ఒక రికార్డింగు ఆన్‌లైన్ దుకాణాలకు చేరాలంటే లేబులో (పాటలు విడుదల చేసే కంపెనీ), పంపిణీ సంస్థో దాన్ని ఎక్కించాలి. ప్రతి పాటకూ ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల, అంకెల గుర్తింపు సంకేతం ఉండాలి, హక్కు ఎవరిదో చెప్పగలగాలి. ఊరి జాతరకు ఓ వంద కాపీలు తీయించిన క్యాసెట్టుకు ఇవేవీ ఉండవు. తీయించిన మనిషి ఇప్పుడు ఎక్కడున్నారో కూడా చాలాసార్లు తెలియదు. ఒకవేళ ఎవరైనా ఎక్కించినా భాష గడిలో తెలుగో ఒడియానో ఒక్కటే రాయాలి. ఒక చరణం తెలుగులో, మరొకటి ఒడియాలో నడిచే భజన ఏ గడిలో పడ్డా సగంమందికి కనిపించదు. పైగా పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలో తలొక స్పెల్లింగుతో ఉంటాయి. కాబట్టి వెతికేటప్పుడు రెండు మూడు స్పెల్లింగులతో, తెలుగు లిపితో, ఒడియా లిపితో వేర్వేరుగా వెతికి చూడాలి. అప్పటికీ దొరకకపోతేనే లేదనుకోవాలి.

ఆన్‌లైన్ పాట మనదాకా మూడు దారుల్లో వస్తుంది. మూడింటినీ డౌన్‌లోడ్ అనే అంటున్నా, చేతికి వచ్చేది మాత్రం ఒకటి కాదు.

మొదటి దారి చందా యాప్. ఇందులో డౌన్‌లోడ్ చేసిన ఫైలుకు తాళం ఉంటుంది. ఆ యాప్ తప్ప మరొకటి దాన్ని తెరవలేదు, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినా పనికిరాదు. స్పాటిఫై అయితే కనీసం 30 రోజులకోసారి ఫోనుకు నెట్ తగలాలి, లేకపోతే దించుకున్న పాటలు ఆగిపోతాయి. చందా ఆపినా అంతే. లేబులుతో ఒప్పందం అయిపోతే జాబితాలో పాట పేరు బూడిద రంగులో మిగులుతుంది, నొక్కితే పలకదు. ఇవి లోపాలని కాదు, ఆ సేవ తీరే అది: అది అద్దె. కొత్త సినిమా పాటలకు ఈ అద్దె బాగా గిట్టుబాటవుతుంది. ఆరు నెలల తర్వాత వినబోని పాటకు ఆల్బమ్ కొనడం దండగ. డేటా లెక్క కూడా తెలుసుకుని ఉండాలి: 96 కేబీపీఎస్ (సెకనుకు 96 కిలోబిట్ల నాణ్యత) మీద గంట వింటే దాదాపు 43 ఎంబీ, 320 మీద 144 ఎంబీ. గజపతి, కోరాపుట్ కొండదారుల్లో సిగ్నలు పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందే వైఫై మీద దించుకుని, ఒకసారి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పాట మొదలవుతుందో లేదో చూసుకోవాలి.

రెండో దారి, ఫైలునే కొనుక్కోవడం. ఐట్యూన్స్ స్టోరులో అమ్మే పాటల ఫైళ్ళకు 2009 నుంచి అలాంటి తాళం లేదు, 256 కేబీపీఎస్ ఏఏసీ ఫైలు వస్తుంది. బ్యాండ్‌క్యాంప్‌లో కళాకారుడు పెట్టిన ఆల్బమ్ కొంటే ఫ్లాక్ రూపంలో, అంటే ఏమీ కోసేయకుండా కుదించిన రూపంలో దించుకోవచ్చు. కొన్నాక వెంటనే సొంత డిస్కులోకి దించుకోవడం ముఖ్యం. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ అనే ఎంపీ3 దుకాణం తెరిచి 2013 జూన్‌లో మూసేసింది. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో, వింక్ మ్యూజిక్ 2024లో ఆగిపోయాయి. ఫ్లైట్‌లో కొన్న పాటలను అప్పుడే కంప్యూటర్లో భద్రం చేసుకున్నవాళ్ళకు అవి ఈరోజుకీ పలుకుతాయి. దుకాణం ఖాతాలోనే ఉంటాయిలే అని వదిలేసినవాళ్ళకు ఏమీ మిగల్లేదు.

మూడో దారి మెమరీ కార్డులో పాటలు ఎక్కించే కొట్టు, లేదా ఉచితంగా పాటలిచ్చే వెబ్‌సైటు. సరిహద్దు బజార్లలో చాలామందికి తెలిసిన డౌన్‌లోడ్ ఇదే. హక్కుల మాట అలా ఉంచినా, చేతికి వచ్చే సరుకు కూడా మంచిది కాదు. 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి ఒక ఎంబీ కన్నా కాస్త తక్కువ పడుతుంది. ఆ స్థాయిలో కుదించేటప్పుడు సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ పైనున్న ధ్వనిని కోసేస్తారు. తాళాల గలగల, జముకు తీగ చివర వినిపించే గరగర అక్కడే పలచబడతాయి. ఆ ఫైలునే తిరిగి 320గా మార్చి ‘హై క్వాలిటీ’ అని పేరు పెడితే సైజు పెరుగుతుంది గానీ పోయిన ధ్వని తిరిగి రాదు. అనుమానం వస్తే కంప్యూటర్లో స్పెక్ గానీ ఆడాసిటీ గానీ (ధ్వనిని బొమ్మగా చూపే ప్రోగ్రాంలు) పెట్టి స్పెక్ట్రమ్ చూడాలి. నిజమైన 320 ఫైలులో చిత్రం 19, 20 కిలోహెర్ట్జ్ దాకా నిండుగా ఉంటుంది, మార్చిన ఫైలులో 16 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. ఒక్క జాగ్రత్త: పాత క్యాసెట్టు నుంచి తీసిన పాటలో అసలు పై ధ్వనే ఉండకపోవచ్చు, కాబట్టి ఈ పరీక్ష కొత్త రికార్డింగులకే పనికొస్తుంది. కార్డు విషయంలోనూ మోసాలున్నాయి. 32 జీబీ అని రాసి ఉన్న కార్డులో నిజంగా 8 జీబీయే ఉంటే, ఆ హద్దు దాటిన పాటలు పేర్లు మాత్రం కనిపించి పలకవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో ఖాళీ కార్డును నిండా రాసి, తిరిగి చదివిస్తే అసలు సైజు బయటపడుతుంది.

ఇక చేత పట్టుకునే ఆల్బమ్. ఈ జిల్లాల్లో డబ్బు, ఓపిక పెట్టాల్సింది క్యాసెట్టు మీదే. స్థానిక కళాకారులు ఎక్కువగా రికార్డయినది దానిమీదే, వేరే రూపం లేనిదీ అదే. ఎల్పీ రికార్డు వేయించాలంటే కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీ లాంటి పెద్ద వ్యవస్థ కావాలి. క్యాసెట్టుకు రెండు డెక్కులుంటే (టేపు పాడించి, రికార్డు చేసే యంత్రాలు) సరిపోయేది. 1980ల నుంచి చిన్న ఊళ్ళ బృందాలు కూడా సొంత ఆల్బమ్‌లు తేగలిగాయంటే కారణం ఇదే.

పాత క్యాసెట్టు కొనేటప్పుడు ముందు కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడాలి. నున్నగా, ఒకే మట్టంలో ఉంటే మంచిది. మెట్లు మెట్లుగా ఉంటే టేపు అంచులు నలిగి ఉంటాయి. తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. అలాంటిదాన్ని కొట్టులోనే వేసి వినిపించమని అడగకూడదు. బూజు హెడ్డుకు (టేపు నుంచి ధ్వనిని చదివే భాగం) అంటుకుని, తర్వాత వేసిన ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. నిడివి కూడా చూసుకోవాలి. సీ-60లో (రెండు సైడులూ కలిపి 60 నిమిషాలు) టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, సీ-90లో 12, సీ-120లో 9. పలచబడేకొద్దీ సాగడం, రోలరుకు చుట్టుకోవడం ఎక్కువ. సీ-120 మీద ఉన్న ఇంటి రికార్డింగు కనిపిస్తే ముందుకీ వెనక్కీ తిప్పి ఆడుకోకుండా ఒక్కసారి వేసి, ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్లోకి పట్టుకోవాలి. చివరగా వెనక అంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు. ఇంటి రికార్డింగు అయితే కొన్న వెంటనే ఆ రెండూ విరిచేయాలి. అవి ఉన్నంతకాలం పొరపాటున ఎర్ర బటను నొక్కినవాళ్ళు ఎవరైనా దానిమీద ఇంకేదో రికార్డు చేసేయగలరు.

శబ్దం మూసేసినట్టుగా, దగ్గరకొస్తూ దూరం పోతూ ఉంటే టేపు పాడైందని పారేసేవాళ్ళు చాలామంది. నిజానికి పాడయ్యేది ఎక్కువగా ప్రెషర్ ప్యాడ్. క్యాసెట్టు తెరిచి ఉన్న అంచున, సరిగ్గా మధ్యలో రాగి రంగు సన్నటి స్ప్రింగు పట్టీ, దానిమీద అరవేలి గోరంత ఫెల్టు ముక్క ఉంటాయి. టేపును హెడ్డుకు ఆనించి పట్టేది ఆ ముక్కే. ఏళ్ళు గడిచేకొద్దీ జిగురు ఎండి అది రాలిపోతుంది. బాగు చేయడానికి మూలల్లో, మధ్యలో స్క్రూలున్న ఓ పనికిరాని క్యాసెట్టు కావాలి. రెండింటినీ ఏ-సైడు పైకి ఉండేలా బల్లమీద పడుకోబెట్టి స్క్రూలు తీసి, పై చిప్పను నిదానంగా నిలువుగా ఎత్తాలి. లోపల చుట్టల కిందా మీదా రెండు పలుచటి ప్లాస్టిక్ కాగితాలు, మూలల్లో రెండు చిన్న రోలర్లు, వాటికి ఇనుప పుల్లలు ఉంటాయి. రోలరు ఎగిరిపడితే పోయేది అప్పుడే, కాబట్టి ఓ పళ్ళెంలో పెట్టుకుని చేయడం మేలు. మంచి టేపు చుట్టలు రెండూ కలిపి ఎత్తి, ప్యాడ్ బాగున్న చిప్పలో దించి, టేపు రోలర్ల బయటివైపు నుంచి, ప్యాడ్‌కు ముందు నుంచి పోయేలా సర్దాలి. స్క్రూలు బిగించాక పెన్సిలు పెట్టి రెండు వైపులా తిప్పి చూస్తే పట్టేస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. స్క్రూలు లేకుండా అతికించిన క్యాసెట్టయితే అతుకు వెంట పలుచటి బ్లేడుతో విడదీయాలి. పాత చిప్ప పగిలినా ఫర్వాలేదు, టేపుకు గాటు పడకూడదు. తెగిన టేపుకు సెల్లోటేపు వేయడం పెద్ద తప్పు. దాని జిగురు వేడికి కారి పక్క చుట్లకూ హెడ్డుకూ అంటుతుంది. టేపు అతికించడానికే చేసిన 3.81 మిల్లీమీటర్ల స్ప్లైసింగ్ టేపు దొరుకుతుంది, దాన్ని నిగనిగలాడే వెనక వైపునే వేయాలి.

గ్రామఫోను ప్లేట్ల సంగతి వేరు. 78 వేగం ప్లేట్లు లక్కతో చేసినవి. వీటిని స్పిరిటుతో తుడిస్తే లక్క కరిగి గాడులే పోతాయి. మెత్తటి బ్రష్షు, అవసరమైతే కాస్త డిస్టిల్డ్ వాటరు చాలు. 33⅓ ఎల్పీకి వాడే ముల్లు 78 గాడికి పనికిరాదు. ఎల్పీ ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), 78కి కావాల్సింది దాదాపు 3 మిల్. సన్నటి ముల్లు వెడల్పు గాడి అడుగున దొర్లుతూ బరబర శబ్దమే తెస్తుంది. కొనేటప్పుడు ప్లేటును కంటి మట్టానికి పట్టి వంకర చూడాలి, గీతల మీద గోరు పోనిచ్చి చూడాలి. గోరు తట్టుకునే గీత వినబడుతుంది. సీడీ అయితే అడుగు భాగం వెండిలా ఉంటే ఫ్యాక్టరీలో అచ్చువేసింది, నీలి లేదా ఆకుపచ్చ ఛాయ ఉంటే కంప్యూటర్లో రాసింది. రాసిన సీడీలో రంగు పొర ఎండకూ వేడికీ చెడుతుంది కాబట్టి అలాంటిది దొరికితే ఆ రోజే కాపీ తీసుకోవాలి. గీతలు అడుగున కన్నా బొమ్మ వైపున ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అద్దంలాంటి పొర ఆ వైపు పలుచటి పూత కిందే ఉంటుంది.

దాచడం గురించి కోస్తా గంజాంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటి గజపతి జిల్లాను వరదలో ముంచింది. అలాంటి రోజుల్లో కరెంటు ఉండదు, టవర్లు పనిచేయవు, యాప్ మూగబోతుంది. మరోవైపు కింది అరలో పెట్టిన క్యాసెట్లూ, వాటి కాగితాలూ నీళ్ళపాలవుతాయి. రెండు రూపాలూ ఉండటం ఇక్కడ విలాసం కాదు, అవసరం. క్యాసెట్లను నిలువుగా, మూత బిగించే డబ్బాలో, నడుం ఎత్తు పైన ఉన్న అరలో పెట్టాలి. సిలికా జెల్ పొట్లాలు వేయాలి, రంగు మారినప్పుడు ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల దగ్గర రెండు గంటలుంచితే మళ్ళీ పనికొస్తాయి. కలరా ఉండలు మాత్రం వద్దు. బట్టల బీరువాలో అలవాటుగా వేసేవే అయినా, వాటి ఆవిరి క్యాసెట్టు పెట్టెల పాలిస్టైరిన్ ప్లాస్టిక్కును మెత్తబరుస్తుంది.

కంప్యూటర్లోకి ఎక్కించే పనిలో ఎక్కువ పొరపాట్లు తీగ దగ్గరే మొదలవుతాయి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో నేరుగా పెడితే మోనోగా, బద్దలైనట్టు వస్తుంది. అది మైకు కోసం చేసిన ప్రవేశం, డెక్కు నుంచి వచ్చే బలమైన సిగ్నలును మోయలేదు. లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో పెట్టె వాడాలి, డెక్కు లైన్-అవుట్ నుంచి తీగ దానిలోకి. వాక్‌మన్ ఆకారంలో చవగ్గా వచ్చే యూఎస్‌బీ క్యాసెట్టు ప్లేయర్లలో వేగం నిలకడగా ఉండదు, వాటితో ఒకే ఒక్క ప్రతిగా ఉన్న క్యాసెట్టును ఎక్కించడం తగదు.

డెక్కు హెడ్డును, టేపును లాగే ఇనుప కడ్డీ కాప్‌స్టాన్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూది పుల్లతో తుడవాలి. రబ్బరు రోలరుకు కాస్త తడిబట్ట చాలు, ఆల్కహాల్ దాన్ని ఎండబెట్టి పగులుస్తుంది. తర్వాత క్యాసెట్టును చివరిదాకా ఒకసారి, మళ్ళీ మొదటిదాకా ఒకసారి చుట్టాలి. అక్కడక్కడ బిగుసుకున్న టేపు అప్పుడు సర్దుకుంటుంది. డాల్బీ (టేపు బుసను తగ్గించే ఏర్పాటు) బటను ఆపేయాలి. స్థానికంగా తీసిన క్యాసెట్లలో డాల్బీ దాదాపు ఉండదు, బటను వేసి ఉంటే పై ధ్వని నొక్కుకుపోతుంది. ఆ తర్వాత హెడ్డు కోణం. హెడ్డుకు రెండు వైపులా ఉన్న స్క్రూల్లో స్ప్రింగు ఉన్నది, రంగు చుక్క పెట్టినది, కోణం సవరించేది. క్యాసెట్టు పాడుతుండగా, ధ్వనిని మోనోలో వింటూ, దాన్ని పావు చుట్టు లోపలే అటూఇటూ తిప్పితే ఒకచోట తాళాలు, ‘స’ అక్షరం పదునుగా తేలతాయి. అక్కడ ఆపాలి. ఒక్కో కొట్టు డెక్కులో హెడ్డు ఒక్కో వాలులో ఉండేది కాబట్టి ప్రతి క్యాసెట్టుకూ ఈ పని మళ్ళీ చేయాల్సిందే. ఇంత మార్పు మరే ఖర్చుతోనూ రాదు.

వేగం సరిగ్గా ఉందో లేదో హార్మోనియంతో పట్టుకోవచ్చు. భజన, కథా గానాల్లో గాయకుడు హార్మోనియం మెట్టుకే శ్రుతి కలుపుతాడు. రికార్డింగులోని ఆధార షడ్జమం హార్మోనియం మెట్లలో ఒకటి శ్రుతికీ పక్కనున్న ఒకటిన్నర శ్రుతికీ నడుమ సగంలో పడుతుంటే డెక్కు వేగం దాదాపు మూడు శాతం తప్పినట్టు, సాధారణంగా బెల్టు సాగి ఉంటుంది. ఒక్క శాతం లోపు తేడా ఆ హార్మోనియందే కావచ్చు, వదిలేయొచ్చు.

ఆడాసిటీలో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, అతి గట్టి చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా సర్ది, సైడు మొత్తం ఆపకుండా పట్టాలి. పాటలుగా కోయడం తర్వాతి పని. ఈ లెక్కన వేవ్ ఫైలు నిమిషానికి 17 ఎంబీ పైచిలుకు, సీ-60 రెండు సైడులకు ఒక జీబీ. ఈ మూల ప్రతి మీద హిస్సు, అంటే టేపు బుస, తీసేసే ఫిల్టర్లు వేయకూడదు. హిస్సుతో పాటు గజ్జెల శబ్దమూ పోతుంది, ఒకసారి పోయాక మూల ప్రతిలో అది ఇక ఉండదు. దాన్ని ఫ్లాక్‌గా దాచి, వినడానికి వేరే ఎంపీ3 ప్రతి తీసుకుని దానిమీద ఏం చేసినా నష్టం లేదు. మూల ప్రతి మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్ళో బంధువుల ఇంట్లో. లోపలి కాగితం రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చేసి అదే ఫోల్డరులో పెట్టాలి. మృదంగం ఎవరు, వంత ఎవరు, ఏ ఊరు అన్నది ఆ కాగితం మీద తప్ప ఇంకెక్కడా రాసి ఉండకపోవచ్చు. కాగితం లేని క్యాసెట్టు ఎంత బాగా పలికినా సగం పోయినట్టే.

కారులో, ట్రాక్టరులో పెట్టే పెన్‌డ్రైవ్‌కు ఇంకో చిక్కు. చాలా పాత స్టీరియోలు ఫ్యాట్32 అనే ఫార్మాటు తప్ప చదవవు, తెలుగు లిపి పేర్లను గడులుగా చూపిస్తాయి, పాటలను కాపీ చేసిన వరసలోనే పాడతాయి. అందుకని ఫైలు పేరు ముందు 01, 02 అని అంకెలు వేసి ఇంగ్లీషు లిపిలో రాయాలి, ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి వరసగా కాపీ చేయాలి. తెలుగు, ఒడియా పేర్లు ట్యాగ్‌లో (ఫైలు లోపల పాట వివరాలు ఉండే చోటు) ఐడీ3 వీ2.3, యూటీఎఫ్-16 పద్ధతిలో వేస్తే ఫోను యాప్‌లలో చక్కగా కనబడతాయి.

హక్కుల విషయానికి వస్తే, మన చట్టంలో ధ్వని ముద్రణకు రక్షణ అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు. 1964లో విడుదలైన ముద్రణకు 2024 చివరితో ఆ గడువు తీరింది. పాట రాసినవారి, స్వరపరిచినవారి హక్కు మాత్రం వేరు, అది వారి మరణం తర్వాత 60 ఏళ్ళు. సొంతంగా వినడానికి న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను ఉల్లంఘనగా చూడదు. ఇంట్లో కొన్న క్యాసెట్టును ఇంట్లో వినడానికి మార్చుకోవడం ఒకటి, దాన్ని యూట్యూబ్‌లో పెట్టి ప్రకటనల డబ్బు తీసుకోవడం మరొకటి. సరిహద్దు పల్లెల బృందాలు ఇప్పటికీ పాడుతున్నాయి, వాళ్ళ పాత క్యాసెట్టు ఎక్కించేవాళ్ళు ముందు ఆ బృందం గురువునో, వారి పిల్లలనో కలవాలి. శుభ్రం చేసిన ప్రతిని పెన్‌డ్రైవ్‌లో వాళ్ళకు ఇవ్వాలి, ఊరికే కాకుండా కొంత డబ్బుతో సహా. బయట పెట్టడానికి ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోవాలి, అందులో ఏ పాటలు, ఎక్కడ పెట్టవచ్చు, వచ్చిన డబ్బులో ఎవరికెంత అన్నవి తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి.